ఫ్లాట్ ఫేస్ క్విక్ కప్లింగ్ మీద పేటెంట్ నోటీసు వచ్చింది, ఏం చేయాలి?

గాడిపని

మాది చిన్న యూనిట్. హైడ్రాలిక్ హోస్‌లకు, అంటే యంత్రాల నూనె గొట్టాలకు, చేత్తో కలిపి విడదీసే క్విక్ కప్లింగ్‌లు తయారుచేస్తాం, ఎక్కువగా ముఖం చదునుగా ఉండే ఫ్లాట్ ఫేస్ రకం. ఒక పెద్ద తయారీ సంస్థ తరఫు న్యాయవాది నుంచి నోటీసు వచ్చింది. హోస్‌లో ప్రెజర్ మిగిలి ఉన్నా చేత్తో కలపగలిగే మా కప్లింగ్ వాళ్ల పేటెంట్‌ను ఉల్లంఘిస్తోందట. తయారీ వెంటనే ఆపాలి, ఉన్న సరుకు నాశనం చేయాలి, ఇంతవరకు ఎన్ని అమ్మామో లెక్క చూపాలి, ఇకమీదట చేయబోమని హామీపత్రం మీద సంతకం పెట్టాలి. గడువు పదిహేను రోజులు.

మా డ్రాయింగ్ మేం గీసుకున్నదే. వాళ్ల కప్లింగ్ విప్పి చూసి చేసింది కాదు. బయటి రూపం దగ్గరగా ఉంటుంది, ఉండి తీరాలి కూడా. ఐఎస్ఓ 16028 కొలతల ప్రకారం చేస్తే ఒకరి మేల్ భాగం ఇంకొకరి ఫిమేల్ భాగంలో కూర్చోవాలి కదా. ప్రమాణం ప్రకారం చేసిన వస్తువు ఉల్లంఘన ఎలా అవుతుంది? గొడవెందుకు, సంతకం పెట్టి వదిలించుకుందామని మా భాగస్వామి అంటున్నాడు. నాకు మనసొప్పడం లేదు.

పాత_ఫిట్టరు

సంతకం మాత్రం పెట్టకండి. మిగతాది తరవాత మాట్లాడుకుందాం.

క్లెయిమ్_చూపు

పేటెంట్ దరఖాస్తులు రాయడం నా వృత్తి. మీ దేశంలో మీ కేసు చూసే న్యాయవాదికి నా మాట ప్రత్యామ్నాయం కాదు. అయితే ఆయన దగ్గరకు వెళ్లేముందు మీరే తెలుసుకోగలిగినవి చాలా ఉన్నాయి.

మొదట ఆ పేటెంట్ బతికే ఉందా చూడండి. దరఖాస్తు వేసిన తేదీ నుంచి ఇరవై ఏళ్లు అన్నది గరిష్ఠ ఆయుష్షు. మధ్యలో రుసుము కట్టకపోతే అంతకుముందే పోతుంది. అది ఏ దేశంలో మంజూరైందో కూడా చూడండి. పేటెంట్ ఇచ్చిన దేశపు సరిహద్దు దాటి చెల్లదు. మీరు తయారుచేసే చోటా, అమ్మే చోటా రెండింటిలోనూ పేటెంట్ లేకపోతే ఆ నోటీసుకు బలం లేదు.

ఇక ముఖ్యమైనది. నోటీసులో రాసిన వర్ణన పక్కన పెట్టి పేటెంట్ పత్రం చివర ఉండే క్లెయిమ్‌లు చదవండి. పేరు, సారాంశం, బొమ్మలు చూసి భయపడవద్దు. హక్కు ఉండేది క్లెయిమ్‌ల్లోనే. మొదటి క్లెయిమ్‌లో ఏయే అంశాలు ఉన్నాయో మీ మాటల్లో ఇక్కడ పెట్టండి.

ప్రమాణం గురించి: అది రక్షణ కాదు. ఐఎస్ఓ 16028 రెండు భాగాలు కలిసేచోట కొలతలు, పనితీరు చెబుతుంది. లోపలి వాల్వ్ ఎలా కట్టుకుంటారో మీ ఇష్టానికి వదిలేస్తుంది. మీ మీద ఆరోపణ ఆ లోపలి దాని గురించి అయి ఉంటుంది.

జిజ్ఞాసి

నేను మెకానికల్ విద్యార్థిని. ప్రెజర్ ఉండగా కలపడం అంత పెద్ద విషయమా? దాని మీద పేటెంట్ యుద్ధాలు జరిగేంత ఏముంది అందులో?

నూనెచేతులు

తమ్ముడూ, ఒక్కసారి ఎండలో వదిలేసిన అటాచ్‌మెంట్ హోస్‌ను కలపడానికి ప్రయత్నించి ఉంటే ఈ ప్రశ్న అడగవు.

కప్లింగ్ ఊడదీసినప్పుడు రెండు వైపులా వాల్వ్‌లు మూసుకుంటాయి. హోస్‌లో నూనె బందీ అయిపోతుంది. ఎండ తగిలి అది వేడెక్కుతుంది. మూసిన గట్టి గొట్టంలో అయితే నూనె ఒక్క డిగ్రీ వేడెక్కితే ప్రెజర్ సుమారు 10 బార్ పెరుగుతుంది. రబ్బరు హోస్ కొంచెం ఉబ్బుతుంది కాబట్టి అంత పెరగదు, కానీ పెరగడం ఖాయం. ఇప్పుడు లెక్క వేసుకో. వాల్వ్ ముఖం వ్యాసం 12 మిల్లీమీటర్లు, లోపల 200 బార్ ఉంటే దాన్ని వెనక్కి నెట్టడానికి దాదాపు 230 కిలోల బరువంత బలం కావాలి. ఎవరి చెయ్యి నెడుతుంది? సుత్తి తీస్తారు. కొందరు హోస్ అవతలి కొస ఫిట్టింగ్ వదులు చేస్తారు. అది సుత్తి కన్నా ప్రమాదం. సన్నని ధారగా వచ్చే నూనె చర్మం చీల్చి లోపలికి పోతుంది, వెంటనే శస్త్రచికిత్స జరగకపోతే వేలు, చెయ్యి పోతాయి.

దానికి విరుగుడు పెద్ద వాల్వ్ మధ్యలో చిన్న వాల్వ్. 3 మిల్లీమీటర్లదైతే అదే 200 బార్ దగ్గర 14 కిలోల బలం చాలు. ముందు అది తెరుచుకుని కొద్దిపాటి నూనె వదులుతుంది, లోపలి ప్రెజర్ పడిపోతుంది, తరవాత పెద్ద వాల్వ్ సులువుగా కదులుతుంది. నూనె పెద్దగా నొక్కుకుపోయే పదార్థం కాదు కాబట్టి కొంచెం వదిలినా చాలు. ఆ కొంచెం నూనెను ఎక్కడికి పంపాలి, కప్లింగ్ ముఖం మీద చుక్క కనబడకుండా ఎలా పంపాలి అన్నదగ్గరే తయారీదారుల తెలివి అంతా ఉంటుంది.

జిజ్ఞాసి

ఇంత వివరంగా మా తరగతిలో కూడా చెప్పలేదు. ధన్యవాదాలు.

గాడిపని

నూనెచేతులు గారు సరిగ్గా ముల్లు మీద వేలు పెట్టారు. పేటెంట్ బతికే ఉంది, మా దేశంలో ఉంది, రుసుములూ కట్టారు. మొదటి క్లెయిమ్ చదివాను. నా మాటల్లో ఇది:

వరుసగా రంధ్రాలున్న శరీరం, ఆ రంధ్రాల్లో లాకింగ్ బాల్స్, వాటిని బిగించే స్ప్రింగ్ స్లీవ్. ముఖంతో సమంగా ఉండే ప్రధాన వాల్వ్. దాని మధ్యలో, ఎదుటి భాగం తగలగానే ముందు తెరుచుకునే చిన్న వాల్వ్. చివరగా, చిన్న వాల్వ్ వదిలిన నూనెను ప్రధాన వాల్వ్ తెరుచుకునేదాకా పట్టి ఉంచే మూసిన గది.

మా దాంట్లో బాల్స్ ఉన్నాయి, స్లీవ్ ఉంది, రెండు వాల్వ్‌లూ ఉన్నాయి. గది లేదు. చిన్న వాల్వ్ నుంచి వచ్చిన నూనె కాండం (వాల్వ్ కడ్డీ) మీద కోసిన గాడి వెంట నేరుగా ఎదుటి భాగంలోకి, అక్కడి నుంచి ట్యాంకు వైపు పోతుంది. ఎక్కడా ఆగదు. ఆ గాడికి మేము కూడా పేటెంట్ దరఖాస్తు వేశాం, ఇంకా పరిశీలనలో ఉంది. మాకే పేటెంట్ వస్తే ఇక వాళ్ల గొడవ తీరినట్టే కదా?

టర్బోచక్రం

తీరదు. ఇది చాలామంది తడబడేచోటు. పేటెంట్ అంటే ఇతరులను ఆపే హక్కు. మీరు తయారుచేసుకోవచ్చని ఇచ్చే అనుమతి కాదు.

నేను పనిచేసేది హైడ్రోడైనమిక్ కప్లింగ్‌ల మీద, కన్వేయర్లు నడిపేవి. అది వేరే జాతి వస్తువు, కానీ చరిత్ర ఇక్కడ పనికొస్తుంది. 1905లో హెర్మన్ ఫెట్టింగర్ పంపు చక్రం, టర్బైన్ చక్రం ఒకే గూటిలో పెట్టి ద్రవం ద్వారా శక్తి పంపే పద్ధతికి జర్మనీలో పేటెంట్ దరఖాస్తు వేశాడు. ఆయన అప్పుడు స్టెటిన్‌లోని వల్కన్ నౌకా నిర్మాణ సంస్థ ఉద్యోగి. నేటి టార్క్ కన్వర్టర్లు, ఫ్లూయిడ్ కప్లింగ్‌లు అన్నీ ఆ మూలం నుంచి వచ్చినవే. తరవాత హరాల్డ్ సింక్లెయిర్ దాన్ని రోడ్డు వాహనాలకు సరిపోయేలా మలిచాడు, 1930లో డైమ్లర్ కార్లలో ఫ్లూయిడ్ ఫ్లైవీల్‌గా వచ్చింది. మూల పేటెంట్ బతికి ఉన్నంతకాలం, మెరుగుపరిచినవాడు తన మెరుగుదలకు ఎంత గట్టి పేటెంట్ తెచ్చుకున్నా, మూలాన్ని వాడాలంటే దాని యజమాని అనుమతి కావాలి. యజమానికి కూడా ఆ మెరుగుదల కావాలంటే వీడి అనుమతి కావాలి. అందుకే ఇలాంటి రంగాల్లో ఇద్దరూ ఒకరికొకరు లైసెన్సు ఇచ్చుకోవడం కనిపిస్తుంది.

మీ గాడికి పేటెంట్ రావడం మంచిదే. బేరం ఆడటానికి పనికొస్తుంది. కవచం మాత్రం కాదు.

సూటిగా

అందరూ ఒకే వైపు మాట్లాడుతున్నారు, నేను రెండో వైపు చెబుతాను.

నేను ఒక వాల్వ్ సీటు రూపొందించి చాలాకాలం దాని మీదే శ్రమపడ్డాను. సీలు చిరిగిపోవడం, మళ్లీ గీయడం, మళ్లీ పరీక్షించడం. నా దగ్గర కొనే ఒక సంస్థ నమూనాలు తీసుకుని, ఆర్డరు ఆపేసి, అదే సీటు మరోచోట చేయించుకుంది. నా దగ్గర పేటెంట్ లేదు, ఏమీ చేయలేకపోయాను. కాబట్టి "పెద్ద సంస్థ చిన్నవాణ్ణి నలిపేస్తోంది" అన్న కథ వినగానే నేను తలూపను. పేటెంట్ తీసుకున్నవాడు బయటపెట్టాడు, అందరూ చదువుకునేలా రాశాడు, బదులుగా కొన్నేళ్లు హక్కు అడిగాడు. నాలుగు అంశాల్లో మూడు అచ్చంగా ఉండి, నాలుగోది గది కాదు గాడి అంటే, వాళ్ల స్థానంలో ఉంటే నేనూ నోటీసు పంపేవాణ్ణే.

గాడిపని

మీ బాధ అర్థమైంది. కానీ మేము వాళ్ల దాన్ని చూడలేదని మొదట్లోనే చెప్పాను.

క్లెయిమ్_చూపు

గాడిపని గారూ, అది పేటెంట్ విషయంలో అడ్డు రాదు. కాపీరైట్‌లో అయితే సొంతంగా సృష్టించానని చెప్పుకోవచ్చు. పేటెంట్‌లో ఇద్దరూ విడివిడిగా కనిపెట్టినా రెండోవాడు ఉల్లంఘించినట్టే. వాళ్లు దరఖాస్తు వేయకముందే మీరు తయారీ మొదలుపెట్టి ఉంటే కొన్ని దేశాల్లో ముందస్తు వాడకందారు హక్కు ఉంటుంది. షరతులు దేశానికో రకం.

సూటిగా గారి కోపం న్యాయమైనదే, లెక్క మాత్రం సరికాదు. నాలుగులో మూడు అన్న లెక్క పేటెంట్‌లో లేదు. క్లెయిమ్‌లోని ప్రతి అంశమూ ఎదుటి వస్తువులో ఉండాలి. ఒక్కటి లేకపోతే అక్షరార్థంలో ఉల్లంఘన లేదు. అయితే అక్కడితో అయిపోదు. పేరు మార్చి అదే పని చేయిస్తే కోర్టు ఊరుకోదు. బ్రిటన్‌లో క్యాట్నిక్ కేసు ఇందుకు పాఠం. తలుపుల మీద వేసే ఉక్కు దూలం, వెనక పలక "నిలువుగా" ఉండాలని క్లెయిమ్. ప్రతివాది పలకను 6 డిగ్రీలు, మరో నమూనాలో 8 డిగ్రీలు వంచాడు. అప్పట్లో అక్కడి అత్యున్నత న్యాయస్థానమైన ప్రభువుల సభ ఉల్లంఘనే అన్నది. ఆ రంగంలో పనిచేసేవాడు ఆ మాటను కొలబద్ద పెట్టి చదవడు, బరువు మోసేంత నిలువుగా అని చదువుతాడు అన్నది దాని సారం.

కాబట్టి అసలు ప్రశ్న ఒక్కటే. మీ గాడి వాళ్ల గది చేసే పనే చేస్తోందా, అదే పద్ధతిలో చేస్తోందా?

మైక్రాన్

చేస్తోందనే నా అభిప్రాయం. డిజైన్ విభాగంలో ఉన్నవాడిగా చెబుతున్నాను. చిన్న వాల్వ్ తెరుచుకున్న క్షణంలో ఎదుటి భాగం వాల్వ్ ఇంకా పూర్తిగా తెరుచుకుని ఉండదు. అంటే ఆ కాస్త సేపు నూనె గాడిలోనే ఆగుతుంది. ఆగింది అంటే గాడి కూడా గదే. పొడుగ్గా, సన్నగా ఉన్న గది.

గాడిపని

లేదు మైక్రాన్ గారూ. మా మేల్ భాగం ముందు కొస గాడికి ఎదురుగా రాగానే అవతలి మార్గం తెరుచుకుంటుంది, ఆ తరవాతే చిన్న వాల్వ్ కాండం కదులుతుంది. వరుసను అలాగే కావాలని పెట్టాం. గాడి రెండు కొసలూ ఎప్పుడూ తెరిచే ఉంటాయి. వాళ్లది నింపి, పట్టి, తరవాత వదిలే ఏర్పాటు. అందుకే వాళ్లకు గదికి ఒక అదనపు సీలు కావాలి, మాకు అక్కర్లేదు. అది పాడైతే వాళ్ల కప్లింగ్ రెండోసారి ప్రెజర్ మీద కలవదు, ఎందుకంటే గది అప్పటికే నిండి ఉంటుంది.

నూనెచేతులు

ఇది నేను బాగుచేసేటప్పుడు చూశాను. గది ఉన్న రకాల్లో ఒకసారి కలిసి, విడదీసి మళ్లీ వెంటనే కలపబోతే మొరాయించేవి ఉన్నాయి. గాడిపని గారు చెప్పిన తేడా కాగితం మీది తేడా కాదు, చేతికి తెలిసే తేడా.

మైక్రాన్

వరుస అలా ఉందని కొలిచి చూపగలిగితే నా అభ్యంతరం సగం తగ్గుతుంది. కోత పెట్టిన నమూనా, స్ట్రోక్‌లో (భాగం కదిలే దూరంలో) ఏ మిల్లీమీటరు దగ్గర ఏది తెరుచుకుంటుందో గ్రాఫు. మాట సరిపోదు.

క్లెయిమ్_చూపు

ఆ గ్రాఫు తప్పక తయారుచేయించండి. తయారుచేయించేది మీ న్యాయవాది ద్వారా అయితే మేలు.

ఇంకోటి అడుగుతాను. ఆ పేటెంట్ పరిశీలన కాగితాలు తెప్పించారా? దరఖాస్తు వేసినప్పటి క్లెయిమ్, పరీక్షకుడి అభ్యంతరం, వాళ్ల జవాబు. చాలా పేటెంట్ కార్యాలయాలు వీటిని ఎవరైనా చూడగలిగేలా ఉంచుతాయి. గది అన్న మాట మొదటి నుంచీ ఉందా, మధ్యలో వచ్చి చేరిందా అన్నది చూడండి.

పాత_ఫిట్టరు

మధ్యలో వచ్చి ఉంటుందని నా ఊహ. పెద్ద వాల్వ్‌లో చిన్న వాల్వ్ అన్నది నేను పనిలో చేరినప్పటికే ఉంది. పాత కేటలాగులు మా షెడ్డులో ఒక అల్మారా నిండా ఉన్నాయి. కావాలంటే ఫోటోలు తీసి పెడతాను.

క్లెయిమ్_చూపు

పెట్టండి, కానీ తేదీ అచ్చయి ఉన్న పేజీతో సహా. తేదీ లేని కేటలాగు ఎంత పాతగా కనిపించినా అవతలివాళ్లు ఒప్పుకోరు.

పాత_ఫిట్టరు

నూనె మరకకు తేదీ వేసే పద్ధతి ఉంటే మా అల్మారా మొత్తం సాక్ష్యమే.

సీలు_సరఫరా

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోవద్దు. నేను కప్లింగ్‌లు చేయను, వాటికి సీలు కిట్లు అమ్ముతాను. ఆ పెద్ద సంస్థ కప్లింగ్‌కు సరిపోయే కిట్టు కూడా ఉంది నా దగ్గర. నాకూ నోటీసు వస్తుందా?

టర్బోచక్రం

అరిగే భాగం మార్చడం మరమ్మతు. అమెరికాలో 1961లో ఆరో కేసు ఇదే. కారు పైకప్పు గుడ్డ చినిగితే కొత్త గుడ్డ వేసుకోవడం ఆ పైకప్పు పేటెంట్‌ను ఉల్లంఘించడం కాదని సుప్రీంకోర్టు అన్నది. గుడ్డకు విడిగా పేటెంట్ లేదు, ఉన్నది మొత్తం అమరికకే. మీ సీలుకు విడిగా పేటెంట్ ఉందేమో చూసుకోండి. లేకపోతే అమెరికాలో భయం తక్కువ. ఇతర చోట్ల మరమ్మతుకూ పునర్నిర్మాణానికీ గీత వేరేచోట గీస్తారు.

సీలు_సరఫరా

చూశాను. సీలుకు లేదు. ఊపిరి పీల్చుకున్నాను.

గాడిపని

పరిశీలన కాగితాలు వచ్చాయి. పాత_ఫిట్టరు గారి ఊహ నిజం. మొదట వేసిన క్లెయిమ్‌లో గది లేదు. ప్రధాన వాల్వ్, మధ్యలో చిన్న వాల్వ్, అంతవరకే. పరీక్షకుడు చాలా పాత పేటెంట్ ఒకటి చూపించి, ఇది ముందే ఉందన్నాడు. అప్పుడు వాళ్లు "వదిలిన నూనెను పట్టి ఉంచే మూసిన గది" అని చేర్చి, పాతదానిలో నూనె ఎక్కడా ఆగకుండా పారిపోతుంది, మాది ఆపి ఉంచుతుంది, అదే మా కొత్తదనం అని జవాబు రాశారు. ఆ తరవాతే మంజూరైంది.

ఆ వాక్యం చదివి కాసేపు కుర్చీలో అలాగే కూర్చున్నాను. ఆగకుండా పారిపోయేది మా గాడి కదా.

క్లెయిమ్_చూపు

ఇది మీ కేసును మార్చేస్తుంది.

ఇక్కడ ఫెస్టో కేసు చెప్పాలి. అమెరికా కేసే అయినా హైడ్రాలిక్స్, న్యూమాటిక్స్ వాళ్లందరికీ తెలియాల్సింది. ఫెస్టో సంస్థది రాడ్ లేని సిలిండర్. లోపలి పిస్టన్, బయటి స్లీవ్ అయస్కాంతంతో జతపడి కదులుతాయి. పరిశీలన సమయంలో క్లెయిమ్‌లోకి రెండు విషయాలు వచ్చి చేరాయి: ఒక జత సీలు రింగులు, అయస్కాంతానికి స్పందించే లోహపు స్లీవ్. ప్రతివాది ఎస్ఎంసీ రెండు రింగులకు బదులు రెండు వైపులా పెదవి ఉన్న ఒకే రింగు పెట్టింది, స్లీవ్‌ను అల్యూమినియం మిశ్రమంతో చేసింది. అక్షరార్థంలో ఉల్లంఘన లేదు, సమానమైన మార్పే కదా అన్నది ఫెస్టో వాదన. 1988లో వేసిన దావా 2002లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. పేటెంట్ పొందడం కోసం క్లెయిమ్‌ను కుదించుకున్నవాడు, వదులుకున్న భాగాన్ని తరవాత సమానత పేరుతో తిరిగి లాక్కోలేడనే మొదట అనుకోవాలని కోర్టు అన్నది. కిందికోర్టులో మళ్లీ విచారణ జరిగి చివరికి ఫెస్టో ఓడిపోయింది.

మీ పేటెంట్‌దారు కుదించుకున్నది సరిగ్గా గది దగ్గర. కుదించుకుంటూ వదిలింది సరిగ్గా మీ గాడి లాంటిదాన్ని.

మైక్రాన్

ఆగండి, ఫెస్టోను అంత సూటిగా వాడుకోలేం. పూర్తిగా తలుపు మూయాలన్న కిందికోర్టు తీర్పును సుప్రీంకోర్టు కొట్టేసింది. సవరణ చేసిననాడు ఆ ప్రత్యామ్నాయం ఊహకు అందనిదైతే, లేదా సవరణకు కారణం దానితో దాదాపు సంబంధం లేనిదైతే, పేటెంట్‌దారు బయటపడవచ్చు. పైగా ఇది అమెరికా నియమం. బ్రిటన్ సుప్రీంకోర్టు 2017లో యాక్టావిస్ కేసులో సమానమైన మార్పులకు చోటిస్తూనే, పరిశీలన కాగితాలను అరుదుగా మాత్రమే చూడాలన్నది. గాడిపని గారు ఉన్న దేశంలో ఏ దారి నడుస్తుందో ముందు తెలియాలి.

క్లెయిమ్_చూపు

మీరన్నది ఒప్పుకుంటాను. దేశం తేడా ముఖ్యమే. అయినా మీరు చెప్పిన రెండు మినహాయింపులూ ఇక్కడ పనిచేయవు. పారిపోయే నూనె వాళ్ల ఊహకు అందనిది కాదు, వాళ్ల జవాబులోనే రాశారు. సంబంధం లేనిదీ కాదు, సవరణ దాని గురించే. యాక్టావిస్ కూడా పూర్తిగా తలుపు మూయలేదు. ఫలానా రకానికి మా పేటెంట్ వర్తించదని పేటెంట్‌దారే కార్యాలయానికి చెప్పి ఉంటే ఆ కాగితం చూడవచ్చన్నది.

సూటిగా

కాగితం చదివాక నా మాట కొంత సవరించుకుంటాను. వాళ్లు కార్యాలయానికి ఒకటి చెప్పి, గాడిపని గారికి ఇంకోటి చెబుతున్నట్టుంది. ఇది నాకు నచ్చలేదు. పేటెంట్ మీద గౌరవం ఉన్నవాడికే ఇది ఎక్కువ నచ్చకూడదు. కానీ ఒకటి అడుగుతాను. ఆ పాత పేటెంట్ చూపించి వాళ్ల పేటెంట్ మొత్తాన్నే కొట్టేయించాలని ఎవరూ ఎగదోయకండి. గది నిజంగా కొత్తదే అయి ఉండవచ్చు.

పాత_ఫిట్టరు

మా అల్మారాలో తేదీ ఉన్న కేటలాగులు రెండు దొరికాయి. చిన్న వాల్వ్ ఉంది. గది లాంటిది ఒకదాంట్లో ఉన్నట్టు కనబడుతోంది, బొమ్మ చిన్నది, ఖాయంగా చెప్పలేను. గాడిపని గారికి విడిగా పంపాను.

జిజ్ఞాసి

చిన్న వాల్వ్ పాతది, గది కూడా వేరే ఎక్కడో పాతదే అయితే, రెండూ కలిపినంత మాత్రాన పేటెంట్ ఇస్తారా?

క్లెయిమ్_చూపు

మంచి ప్రశ్న. 2007లో అమెరికా సుప్రీంకోర్టు కేఎస్ఆర్ కేసులో చెప్పింది దీని గురించే. సర్దుబాటు చేసుకోగల కారు పెడల్ పాతది, ఎలక్ట్రానిక్ సెన్సార్ పాతది. ఆ రంగంలో మామూలు నైపుణ్యం ఉన్నవాడు రెండింటినీ కలపడం సహజంగా తోచేదే అయితే పేటెంట్ నిలవదు. కలపడానికి కారణం ఏమిటి, కలిపితే ఊహించని ఫలితం వచ్చిందా అన్నవి చూస్తారు. చెల్లుబాటును సవాలు చేయడం ఖర్చుతో, కాలంతో కూడిన పని. ఐరోపా పేటెంట్ కార్యాలయంలో మంజూరైన తొమ్మిది నెలల్లోపు అభ్యంతరం వేస్తే దారి సులువు. ఆ గడువు దాటితే కోర్టే. గాడిపని గారికి ఇప్పుడే ఆ యుద్ధం అవసరం లేదు. ఉల్లంఘన లేదన్న జవాబు బలంగా ఉంది. చెల్లుబాటు ప్రశ్నను రెండో వరుసలో ఉంచుకోవచ్చు.

మైక్రాన్

మరో సలహా. అనుమానమే వద్దనుకుంటే గాడిని ఇంకాస్త వెడల్పు చేసి, ఎక్కడా నూనె నిలవడానికి చోటు లేకుండా డ్రాయింగ్ మార్చండి. గొడవ మొదట్లోనే తెగుతుంది.

నూనెచేతులు

వెడల్పు చేస్తే కాండం బలహీనపడుతుంది. ప్రెజర్ పోట్లు ఎక్కువగా వచ్చేచోట, రాళ్లు పగలగొట్టే బ్రేకర్ల మీద వాడే కప్లింగ్‌లలో, కాండం గాడి మూల దగ్గరే విరుగుతుంది. మూలకు గుండ్రని వంపు ఇవ్వకుండా ఇది చేయకండి. పేటెంట్ నుంచి తప్పించుకోబోయి వాడేవాడి చెయ్యి పోగొట్టకూడదు.

మైక్రాన్

ఒప్పుకుంటున్నాను. వంపుతో సహా లెక్కవేసి, పోట్ల పరీక్ష చేశాకే.

గాడిపని

న్యాయవాదిని కలిశాను. సంతకం పెట్టలేదు, భాగస్వామి కూడా ఇప్పుడు పెట్టమనడం లేదు. స్ట్రోక్ గ్రాఫు తయారైంది. అవతలి మార్గం తెరుచుకున్నాకే చిన్న వాల్వ్ కదులుతోంది, మైక్రాన్ గారు అడిగిన కోత నమూనాలో స్పష్టంగా కనబడింది. క్లెయిమ్‌లోని ఒక్కో అంశానికి ఎదురుగా మా భాగం, గది దగ్గర వాళ్ల సొంత జవాబులోని వాక్యం పెట్టి ఉత్తరం వెళ్లింది. గాడి వెడల్పు మార్చడం లేదు. నూనెచేతులు గారి మాట మా పరీక్షల్లోనూ నిజమని తేలింది.

వాళ్ల న్యాయవాది మరికొంత గడువు కోరారు. ఈలోగా మా దగ్గర కొనే ఒకరిద్దరికి అవతలి సంస్థ అమ్మకాల మనుషులు ఫోన్ చేసి, ఈ కప్లింగ్ కొంటే మీరూ ఇరుక్కుంటారని చెప్పారట.

క్లెయిమ్_చూపు

ఆ ఫోన్ల సంగతి తేదీలతో రాసి పెట్టండి. ఎవరు, ఎవరికి, ఏం చెప్పారో. ఆధారం లేని బెదిరింపులకు కొన్ని దేశాల్లో విడిగా పరిహారం ఉంది. బ్రిటన్ 1977 పేటెంట్ చట్టంలో తయారీదారుకే పంపిన నోటీసు ఆ కిందకు రాదు, కొనుగోలుదారులను బెదిరిస్తే వస్తుంది. మీ చట్టంలో ఏముందో న్యాయవాదిని ఈరోజే అడగండి.

సూటిగా

కొనేవాళ్లకు మీరే ముందు ఉత్తరం రాయండి. వాదన వద్దు. నోటీసు వచ్చింది, జవాబు ఇచ్చాం, మా కప్లింగ్‌లో ఆ గది లేదు, కోత బొమ్మ ఇదిగో అని ఒక్క పేజీ. నా సీటు పోయిన రోజుల్లో నేను నోరు మూసుకుని కూర్చున్నాను, కొనేవాళ్లు అవతలివాళ్ల మాటే విన్నారు.

గాడిపని

రాస్తున్నాను. న్యాయవాది చూశాక రేపు పంపుతాం.